ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ పుస్తకాలు 27, పక్కన ఇంకొన్ని: ఏది కొనాలి, ఏది వద్దు

ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ అంటే ఒక మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళకి ముందే చెప్పేస్తా. మామూలు సైజు 27 పుస్తకాలూ కొనండి. చేతిలో ఇంకా డబ్బులుంటే ఆర్ట్ బుక్ కొనండి. నవలలైతే ఒకటి చాలు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద సగం ధరకి దొరికే "కొత్త" మాంగా మాత్రం ముట్టుకోకండి, ఎందుకో కింద రాశా. తీరికున్నవాళ్ళు చదువుకోండి.

ఈ కథ మీద తీసిన యానిమేని, అంటే జపాన్ కార్టూన్ సీరియల్‌ని, నేను మొదట చూసింది ఆనిమాక్స్ ఛానల్లో, ఇంటర్ చదివే రోజుల్లో, నల్లకుంటలో మా పాత అద్దింట్లో. కోచింగ్ నుంచి వచ్చి అన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: ఇద్దరు పిల్లలు, అన్నదమ్ములు, చచ్చిపోయిన తల్లిని రసవాదంతో బతికించబోతారు. అది బెడిసికొట్టి అన్నకి ఒక కాలూ ఒక చెయ్యీ పోతాయి, తమ్ముడికి ఒళ్ళే పోతుంది, వాడి ప్రాణం ఒక ఇనప కవచంలో మిగులుతుంది. పోయినవాటిని తిరిగి తెచ్చుకోడానికి వాళ్ళు ఊళ్ళు పట్టి వెతికేది ఫిలాసఫర్స్ స్టోన్, అంటే మన పరుసవేది. ఒకరోజు మా నాన్న పక్కన కూర్చుని పది నిమిషాలు చూసి, "ఇది మన వేమన కథేరా, ఇనుమును బంగారం చేసేది, జపానోళ్ళకి ఎట్లా దొరికిందో" అని లేచి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో ఈ సీరియల్ మీద నేను విన్న రివ్యూల్లో అంత చిన్నది ఇంకోటి లేదు.

ఇక్కడ కొత్తవాళ్ళు తికమకపడే సంగతి ఒకటుంది. యానిమేలు రెండు. హిరోము అరకావా ఈ మాంగాని 2001 నుంచి 2010 దాకా ఒక నెలవారీ పత్రికకి గీసింది, మొత్తం 108 చాప్టర్లు. 2003లో మొదటి యానిమే మొదలయ్యేటప్పటికి ఆవిడ కథ ఇంకా సగం కూడా కాలేదు, దాంతో యానిమేవాళ్ళు కొంత దూరం వెళ్ళాక సొంత కథ అల్లుకుని 51 ఎపిసోడ్లలో ముగించేశారు. 2009లో మొదటిది తీసిన బోన్స్ స్టూడియోనే మళ్ళీ మొదటి నుంచి తీసింది, బ్రదర్‌హుడ్ అని, 64 ఎపిసోడ్లు, ఈసారి పుస్తకం దారిలోనే నడిచింది. కాబట్టి నేను పుస్తకాలు కొనడం మొదలుపెట్టగానే మా ఆఫీసులో ఒకడు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "మామా, బ్రదర్‌హుడ్ రెండుసార్లు చూశావ్, అదే కథ కదరా, మళ్ళీ పది వేలు పోసి బొమ్మల పుస్తకాలెందుకు?"

వాడికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయా. ఇప్పుడు చెప్తా.

మొదటి పుస్తకంలో మూడో చాప్టర్ ఒక బొగ్గు గని ఊరి గురించి. యోకీ అనే అధికారి గనిని గుప్పిట్లో పెట్టుకుని కూలీల రక్తం తాగుతుంటాడు. అన్న, అంటే ఎడ్, బొగ్గు గుట్టని బంగారు కడ్డీలుగా మార్చేసి, అవి యోకీ మొహాన కొట్టి గని కాగితాలు రాయించుకుంటాడు. ఆ కాగితాల్ని కూలీలకి ఊరికే ఇవ్వడు, బేరం ఆడతాడు. ఒక రాత్రి తిండి, పడక, వాటికి బదులు గని. ఇచ్చిపుచ్చుకోవడం సరిసమానంగా ఉండాలన్నది ఈ కథకి వెన్నెముక, దాన్ని అరకావా ఇంత సరదాగా, నలభై చిల్లర పేజీల్లో మొదట్లోనే నాటేసింది. బ్రదర్‌హుడ్‌లో ఈ చాప్టరే లేదు. తర్వాతెప్పుడో యోకీ ఊడిపడి తన గోడు వెళ్ళబోసుకుంటే, దాన్ని మూకీ సినిమా లాగా గబగబా తిప్పేశారు. నవ్వొస్తుంది కానీ ఆ ఊరు కనపడదు. మా పెద్దనాన్న సింగరేణిలో చేసి రిటైరైనాయన, కొత్తగూడెం నుంచి వచ్చినప్పుడు ఆయనకి ఈ చాప్టర్ చూపించా. ఇంగ్లీషు అంతగా రాదు, బొమ్మలు చూస్తూ పోయాడు, బంగారం దగ్గర ఆగి "ఇట్లాంటోడు మాకెవడూ రాలే" అన్నాడు.

ఇక పదిహేనో పుస్తకం. అసలు ఈ రివ్యూ రాయాలనిపించిందే దాని వల్ల. ఇష్వాల్ యుద్ధం మొత్తం అందులో ఉంటుంది, నాలుగు చాప్టర్లు, పుస్తకం పొడుగునా అదే. మస్టాంగ్, హాకై, హ్యూస్, మనం అప్పటికి పద్నాలుగు పుస్తకాల నుంచి ఇష్టపడుతూ వచ్చిన ఆఫీసర్లంతా ఒకప్పుడు ఒక జాతిని ఊచకోత కోసినవాళ్ళే అని అక్కడ పేజీ పేజీకీ తెలుస్తుంది. బ్రదర్‌హుడ్‌లో ముప్పయ్యో ఎపిసోడ్ దీనికి కేటాయించారు, ఒక్కటి, పాతిక నిమిషాలు కూడా లేదు. బాగానే తీశారు, కాదనను. కానీ పుస్తకంలో మాటల్లేని పేజీలున్నాయి, కూలిన గోడలు, దుమ్ము, కళ్ళ కింద నలుపు దిగిన కుర్ర సిపాయిలు, అవి చూస్తూ ఎంతసేపు ఆగాలో మన ఇష్టం. యానిమే మనల్ని ఆగనివ్వదు. అరకావా ఇది గీసే ముందు నిజంగా యుద్ధానికి వెళ్ళొచ్చిన ముసలివాళ్ళతో కూర్చుని మాట్లాడిందట. చదివాక నాకైతే నమ్మబుద్ధేసింది.

మూడో సంగతి చిన్నది, అయినా నాకు అన్నిటికంటే ఇష్టం. ప్రతి పుస్తకం చివరా తలాతోకా లేని జోకు బొమ్మలుంటాయి. అరకావా తనని తాను కళ్ళద్దాలు పెట్టుకున్న ఆవుగా గీసుకుంటుంది, ఎందుకంటే హొక్కైడోలో వాళ్ళది పాడి రైతుల కుటుంబం. ఆ పుస్తకంలో ఎవరు చచ్చిపోయారో వాళ్ళంతా చివరి పేజీల్లో ఆకాశంలోకి ఎగిరిపోతుంటారు. నాలుగో పుస్తకంలో ఆ ఫోన్ బూత్ సీన్ చదివి గొంతు పట్టేసి కూర్చున్నాక ఈ బొమ్మ ఎదురైతే ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశా. ఇది యానిమే ఎపిసోడ్లలో దొరకదు.

సరే, ఏ రూపంలో కొనాలి? ఇంగ్లీషులో మూడు రకాలున్నాయి. విడి పుస్తకాలు 27. మూడేసి కలిపి కుట్టిన లావు పుస్తకాలు 9. ఫుల్‌మెటల్ ఎడిషన్ అని గట్టి అట్టతో, కొంచెం పెద్ద సైజులో, రంగు పేజీలతో 18. ఆ పద్దెనిమిదీ ఒకచోట పేర్చి ఉంటే ఎంత బాగుంటాయంటే, పెళ్ళివాళ్ళ ఇంట్లో స్టీలు సామాన్ల షోకేస్ చూసినట్టే, చెయ్యి పెట్టాలంటే భయం. ధర కూడా అలాగే భయపెట్టింది. మూడు కలిపినవి లెక్కకి చవక, అలమరలో చోటు కూడా కలిసొస్తుంది, కానీ మెట్రోలో నిలబడి ఒంటి చేత్తో పట్టుకుని చదవలేం, మధ్య పేజీలు పూర్తిగా తెరవాలంటే వీపు విరిచినట్టు విరవాలి, విరిస్తే అట్ట మీద తెల్ల గీత పడుతుంది, ఆ గీత పడ్డాక నాలాంటివాడికి రాత్రి నిద్ర పట్టదు. విడి పుస్తకం అలా కాదు. ప్యాంటు వెనక జేబులో సగం దూరుతుంది. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్ళేలోపు ఒకటి అయిపోతుంది. నేను అవే తీసుకున్నా, ఒక్కోటి మూడొందల యాభై నుంచి ఐదొందల లోపు పడ్డాయి, ఎప్పుడు ఎక్కడ కొన్నానన్నదాన్ని బట్టి.

అన్నీ కలిపి బాక్స్ సెట్ కూడా ఉంది, 27 పుస్తకాలు, ఒక నవల, ఒక పోస్టర్. ఒకేసారి అంత డబ్బు తీసే ధైర్యం ఉంటే అదే మేలు, నేను పడ్డ తిప్పలు మీకుండవు. నాకు ఆ ధైర్యం లేదు, నెలకి రెండు చొప్పున కొనుక్కుంటూ పోయా. జీతం పడ్డ వారంలో రెండు, ఇన్సెంటివ్ వస్తే మూడు. డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెట్టినప్పుడు ఒకసారి నాలుగు దొరికాయి, హైటెక్స్‌లో కామిక్ కాన్‌కి వెళ్ళినప్పుడు ఇంకో మూడు. అక్కడ టికెట్ డబ్బులు కలుపుకుంటే ఏం మిగల్లేదు గానీ ఎడ్ వేషం వేసుకుని ఎర్ర కోటులో చెమటలు కక్కుతున్న కుర్రాడితో ఫోటో దిగా, దానికి చెల్లు.

ఇప్పుడు అబిడ్స్ సంగతి. ఆదివారం పొద్దున షాపులు మూసి ఉంటాయి కదా, ఆ మెట్ల మీదా ఫుట్‌పాత్ మీదా పాత పుస్తకాలు పరుస్తారు. చిన్నప్పటి నుంచీ వెళ్తున్నా, నా చందమామలు సగం అక్కడివే. కాబట్టి అబిడ్స్ మొత్తాన్ని ఏమీ అనడం లేదు. కానీ ఈమధ్య కొన్ని చోట్ల ప్లాస్టిక్ కవర్ కూడా చింపని మాంగా కనిపిస్తోంది, ఒక్కోటి రెండొందలు. నేను అడిగినాయన నవ్వుతూ "అవి ఉల్టా కితాబ్‌లు సార్, వెనక నుంచి చదవాలె, పిల్లలు బాగా కొంటున్నరు" అన్నాడు. ఎనిమిదో పుస్తకం తీసుకున్నా. ఇంటికొచ్చి తెరిచాక అర్థమైంది. మాంగాలో బూడిద రంగు అనేది రంగు కాదు, సన్నటి నల్ల చుక్కల వల. అసలు పుస్తకంలో ఆ చుక్కలు విడివిడిగా కనపడతాయి. దీన్నేమో స్కాన్ చేసి మళ్ళీ అచ్చేశారు, చుక్కలన్నీ కలిసిపోయి ఆకాశమంతా దోమతెర లాగా గళ్ళు గళ్ళు. కాగితం తెల్లగా మెరుస్తోంది, పల్చన, వెనక పేజీలో తుపాకీ ముందు పేజీలో మొహం మీద కనపడుతోంది. కుట్టు దగ్గర మాటల బుడగలు సగం లోపలికి పోయాయి. మిగతావాటి పక్కన నిలబెడితే రెండు మూడు మిల్లీమీటర్లు పొట్టి. ఇంకా నమ్మకం కుదరకపోతే వెనకాల బార్‌కోడ్ చూడండి, వేరే నంబర్ పుస్తకం మీదా అదే ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. రెండొందలు పోయాయి, పోనీ. ఆ పుస్తకం ఇప్పుడు మా ఫ్రిజ్ కాలి కింద ఉంది, అక్కడ సరిగ్గా సరిపోయింది.

అదే అబిడ్స్‌లో ఇంకో ఆదివారం, జీపీఓ వైపు, వైద్యం గైడ్ల కట్ట కింద మొదటి యానిమే తాలూకు పాత ఆర్ట్ బుక్ దొరికింది. అట్ట మూల ఎలుక కొరికింది, లోపల ఎవరో పెన్సిల్‌తో ఎడ్ మొహం మూడుసార్లు ప్రాక్టీస్ చేశారు, మూడోది ఫర్వాలేదు. నూట యాభై అన్నాడు, బేరం ఆడాలన్న సంగతే మర్చిపోయి ఇచ్చేశా. దీన్ని నేను దేనికీ ఇవ్వను.

కొత్త ఆర్ట్ బుక్ వేరే. కంప్లీట్ ఆర్ట్ అని, గట్టి అట్ట, 2001 నుంచి 2017 దాకా అరకావా వేసిన రంగు బొమ్మలన్నీ. మాంగా లోపల నలుపు తెలుపే కాబట్టి, ఈ రంగులు పెద్ద పేజీలో చూస్తే వేరే పుస్తకం చదివినట్టుంటుంది. ఎడ్ ఎర్ర కోటు ఒక్కో ఏడు ఒక్కోలా ఉంది, మొదట్లో ఇటుక ఎరుపు, పోనుపోను చిక్కబడింది, బొమ్మల్లో మనుషులు కూడా లావెక్కి భుజాలు వెడల్పయ్యారు. అన్నీ ఒకచోట ఉంటేనే ఇలాంటివి కంటికి తగులుతాయి. లోపం ఒకటే, చదవడానికి ఏమీ ఉండదు. బొమ్మల మీద మోజు లేనివాళ్ళు రెండుసార్లు తిప్పి పైన పెట్టేస్తారు. అలాంటివాళ్ళు ఆ డబ్బుతో ఐదారు విడి పుస్తకాలు కొనుక్కోవడం నయం.

నవలల దగ్గర కొంచెం కఠినంగా మాట్లాడాలి. రాసింది మకోతో ఇనోవే, బొమ్మలు అరకావావే. మొదటిది, ఇసుక నేల ఊరి కథ, బాగుంది. ఎడ్, తమ్ముడు అల్ ఒక ఊరికి వెళ్తే అక్కడ అప్పటికే ఇంకో ఇద్దరు అన్నదమ్ములు వీళ్ళ పేర్లు పెట్టుకుని దర్జాగా బతుకుతుంటారు. మొదటి యానిమేలో ఇది రెండు ఎపిసోడ్లుగా వచ్చింది, గుర్తున్నవాళ్ళకి గుర్తుంటుంది. తర్వాతివి నేను ఇంకో రెండు చదివా. ఊరు మారుతుంది, మోసగాడు మారతాడు, చివరికి అన్నదమ్ములు మొదట ఎక్కడున్నారో అక్కడికే వస్తారు. అసలు కథలో ఏదీ కదలకూడదు కాబట్టి పాపం రచయిత చేతులు కట్టేసినట్టే. పైగా అరకావా జోకు బొమ్మలో నడుస్తుంది, పడిపోయే మొహంలో ఉంటుంది, దాన్ని వాక్యంగా రాస్తే ఉప్పు వెయ్యని పులిహోర. ఒకటి చాలు అన్నది అందుకే.

కొన్నాక కాపాడుకోవడం కూడా ఖర్చే. ఈ పుస్తకాల కాగితం న్యూస్‌పేపర్‌కి అన్నగారు, అంచులు రెండేళ్ళలో టీ రంగుకి తిరిగాయి, కిటికీ పక్కన పెట్టినవి ఇంకా ముందే. వానాకాలం మా గోడకి చెమ్మ దిగుతుంది, అందుకని అలమర వెనక థర్మోకోల్ షీటు పెట్టా. అమ్మ చీరల మధ్య వేసే కలరా ఉండలు నాలుగు ఇక్కడా వేసింది. దాంతో ఇప్పుడు నా రసవాదులందరి దగ్గరా పట్టుచీర వాసన.

అమ్మ చేసిన ఇంకో ఘనకార్యం చెప్పాలి. మా అక్క కొడుక్కి పన్నెండేళ్ళు, డీమన్ స్లేయర్ సినిమా 2025లో తెలుగులో డబ్బింగై వచ్చినప్పుడు థియేటర్‌లో చూసి పిచ్చెక్కిపోయాడు, "మామా, నీ దగ్గర మాంగా ఉందంట కదా" అని సెలవుల్లో దిగాడు. వాడు తీసి చదువుతుంటే పాడవుతాయని అమ్మ మొదటి ఐదింటికీ బ్రౌన్ కాగితంతో అట్టలు వేసింది, స్కూల్ పుస్తకాలకి వేసినట్టు, మడతలు కత్తిలా. లేబుళ్ళు కూడా అంటించింది, అన్నీ వెనక అట్ట మీద. అమ్మ లెక్కలో అదే ముందు. ఈ పుస్తకాలు ఉర్దూ పేపర్ లాగా కుడి నుంచి ఎడమకి చదవాలమ్మా అంటే, "మరి ఆ ముక్క పైన రాయాలి కదా" అంది. నిజానికి రాసే ఉంది. మనం మామూలుగా మొదలుపెట్టే వైపు తెరిస్తే, నువ్వు తప్పు వైపు నుంచి చదువుతున్నావని చెప్పే పేజీ ఒకటి ఉంటుంది. అమ్మ అట్ట ఆ పేజీ మీదకి కూడా మడిచేసింది.

చివరగా, నెలకి రెండు కొనుక్కునేవాడి కష్టం. ఆ నకిలీ ఎనిమిదిని కూడా కలుపుకుంటే 27లో 26 వచ్చేశాయి, పదిహేను ఎక్కడా లేదు. ఏ పుస్తకం కోసం మొదలుపెట్టానో అదే. అడిగిన ప్రతి షాపులోనూ పద్నాలుగు ఉంది, పదహారు ఉంది. ఆన్‌లైన్‌లో ఒకచోట స్టాక్ అని చూపిస్తే ఆర్డర్ పెట్టా. పదకొండు రోజులకి వచ్చిన డబ్బా విప్పితే మూల నలిగిన పదిహేను. మూల నలిగితే ఏం అని మీరంటారు, నేనూ ఇప్పుడైతే అంటాను, అప్పుడు మాత్రం రిటర్న్ నొక్కా. బదులు పంపిన రెండో డబ్బాలో ఐదో పుస్తకం ఉంది. పదిహేను కాదు, ఐదు. కస్టమర్ కేర్ అమ్మాయికి ఫోన్‌లో "ఒకటి పక్కన ఐదు అమ్మా, ఉత్త ఐదు కాదు" అని ఎంత చెప్పినా, సార్ మీ ఆర్డర్ డెలివర్డ్ అని వస్తోంది అనే చెప్పింది. టికెట్ పెట్టా, క్లోజ్ చేశారు. మళ్ళీ పెట్టా, మళ్ళీ క్లోజ్ చేశారు.

నాలుగు నెలలు అలమరలో పద్నాలుగుకీ పదహారుకీ మధ్య వేలెడు ఖాళీ. చూసి చూసి అమ్మ అందులో పంచాంగం పెట్టింది, "చోటు ఉత్తగానే ఉంది కదరా" అని. తిథి చూడాలంటే ఆల్కెమిస్టుల మధ్య నుంచి లాగాల్సి వచ్చేది. చివరికి బెంగళూరులో ఉన్న నా స్నేహితుడొకడు అక్కడ చర్చ్ స్ట్రీట్‌లో పాత కాపీ చూసి ఫోన్ చేశాడు, "కొంచెం మూల నలిగింది రా, ఫర్వాలేదా?" అని. ఫర్వాలేదన్నా. వచ్చిన రోజు రాత్రే కూర్చుని మొత్తం చదివా, పొద్దున ఆఫీసుకి లేట్. పంచాంగం టీవీ పక్కకి మారింది.

ఆ రెండో ఐదో పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, కవర్ విప్పలేదు. రష్ వ్యాలీలో వానలో కాన్పు జరిగే పుస్తకం, చాలా మంచిది. ఎవరి దగ్గరైనా ఎనిమిదో పుస్తకం, అసలుది, ఎక్కువ ఉంటే చెప్పండి, ఇచ్చిపుచ్చుకుందాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట లోపు ఏ మెట్రో స్టేషన్ అయినా నేనే వస్తా.